వరుస ఎక్కడ తప్పవచ్చు, ఎక్కడ తప్పకూడదు

ప్రశ్న: పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసి ఇంట్లో రౌటర్‌గా వాడుతున్నాను. మా లైనుకు అప్‌లోడ్ వేగం 4 ఎంబీపీఎస్. మా అబ్బాయి వీడియోలు అప్‌లోడ్ చేయడం మొదలుపెట్టగానే ఇంటర్నెట్ కాల్‌లో నా మాటలు ముక్కలైపోతున్నాయి. ప్యాకెట్లు (డేటాను విడగొట్టి పంపే చిన్న ముక్కలు) వంతు కోసం ఆగే క్యూ చాలక పోతున్నాయేమోనని దాని పొడవును 1000 నుంచి 5000కు పెంచాను. పరిస్థితి ఇంకా చెడింది. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: చెరువు కట్టను ఎంత ఎత్తు చేసినా తూము వెడల్పు కాదని నెల్లూరు సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. మీరు పెంచింది కట్టనే. లెక్క వేసి చూడండి: 1500 బైట్ల ప్యాకెట్లు వెయ్యి పేరుకుంటే కోటీ 20 లక్షల బిట్లు అవుతాయి, సెకనుకు 40 లక్షల బిట్లు మాత్రమే పోయే మీ లైనులో అవన్నీ కదలడానికి 3 సెకన్లు పడుతుంది. 5000 ప్యాకెట్ల క్యూ నిండితే ఆ నిరీక్షణ 15 సెకన్లు. ఫైలుకు ఆ ఆలస్యం ఒక లెక్క కాదు, మాటకు మాత్రం అది ప్రాణాంతకం. పైగా టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటాను సరైన వరుసలో చేరవేసే పద్ధతి) సాధారణంగా ప్యాకెట్ పోయినప్పుడే వేగం తగ్గిస్తుంది కనుక, ఏదీ పోనివ్వని పెద్ద క్యూ కనిపిస్తే దానిని నింపుతూనే ఉంటుంది. 2010 ప్రాంతంలో ప్రోగ్రామర్ జిమ్ గెట్టిస్ అందరి దృష్టికీ తెచ్చిన ‘బఫర్‌బ్లోట్’ అనే జబ్బు ఇదే.

లైనక్స్‌లో చాలాకాలంగా ఉన్న పీఫిఫో-ఫాస్ట్ అనే క్యూ పద్ధతిలో మూడు అంతస్తులు ఉన్నా, ప్రత్యేకమైన గుర్తు లేని ప్యాకెట్లన్నీ ఒకే అంతస్తులో చేరి, వచ్చిన వరుసలోనే బయటికి పోతాయి. ఈ వరుస పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కాని ఒంగోలు పొగాకు వేలంకేంద్రంలో ఒక పెద్ద రైతు వంద బేళ్లు ముందుగా దించితే, రెండు బేళ్లతో వచ్చిన చిన్న రైతు ఆ వందా అయ్యేదాకా నిలబడాలనడం న్యాయమా? 2012లో లైనక్స్ 3.5తో వచ్చిన ఎఫ్‌క్యూ-కోడెల్ ఈ వరుసను కావాలనే చెడగొడుతుంది. పంపేవారి, అందుకునేవారి చిరునామాలనూ పోర్టులనూ (యంత్రంలో ఏ ప్రోగ్రామో తెలిపే సంఖ్యలను) బట్టి ప్యాకెట్లను 1024 చిన్న క్యూలలోకి విడదీసి, వంతులవారీగా తీస్తుంది. అప్పుడప్పుడు ఒకటీ అరా పంపే ప్రవాహానికి ముందు అవకాశం ఇస్తుంది. మీ మాటకు దక్కేది ఆ అవకాశమే. ఒక ప్రవాహంలోని ప్యాకెట్ల మధ్య వరుస మాత్రం చెదరదు.

దీనిలోని కోడెల్ భాగం నెట్‌వర్క్ పరిశోధకులు కేథలీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్‌ల ఆలోచన. అది క్యూ పొడవును పట్టించుకోదు, ప్రతి ప్యాకెట్ ఎంతసేపు నిలిచిందో చూస్తుంది. ఆ నిరీక్షణ 100 మిల్లీసెకన్లపాటు ఒక్కసారైనా 5 మిల్లీసెకన్లకు దిగకపోతే, ప్యాకెట్లను వదిలేయడం మొదలుపెట్టి పంపేవారిని తగ్గమని హెచ్చరిస్తుంది. ప్యాకెట్ పోవడమే తప్పని భయపడి మీరు చేసిన సవరణకు ఇది సరిగ్గా తలకిందుల వైద్యం.

అయితే ఒక మెలిక ఉంది. క్యూ పేరుకునేది మీ మోడెమ్‌లో అయితే, మీ రౌటర్‌లోని క్యూ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కనుక అక్కడ ఏ పద్ధతి పెట్టినా ఫలితం ఉండదు. రౌటర్‌లోనే అప్‌లోడ్ వేగాన్ని అసలు వేగం కంటే కొంచెం తక్కువకు, మీ విషయంలో 3.6 ఎంబీపీఎస్ దగ్గరకు, కట్టడి చేయండి. ఆ కొద్దిపాటి వేగాన్ని వదులుకుంటేనే క్యూ మీ చేతికి వస్తుంది. 2018లో లైనక్స్ 4.19తో వచ్చిన ‘కేక్’ అనే క్యూ పద్ధతి వేగాన్ని కట్టడి చేయడం, క్యూను విడదీయడం అనే ఈ రెండు పనులనూ ఒక్కటే చేస్తుంది; నేనైతే దానినే వాడమంటాను.

ప్రశ్న: మా కార్యాలయంలో రెండు సర్వర్ల మధ్య రెండు గిగాబిట్ కేబుళ్లు వేసి, ప్యాకెట్లు ఒకటి విడిచి ఒకటిగా రెండింటిమీదా పోయేలా బాండింగ్ చేశాము (అంటే రెండింటినీ ఒకే లైనుగా కలిపాము). ఒక పెద్ద ఫైలును కాపీ చేస్తే వేగం రెట్టింపుకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. మళ్లీ పంపిన ప్యాకెట్లు మాత్రం విపరీతంగా కనిపిస్తున్నాయి. టీసీపీలో వరుస సంఖ్యలు ఉన్నాయి కదా, అవతల సర్దుకోలేదా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: సర్దుకుంటుంది, మీ ఫైలు చెడిపోదు. చిక్కు పంపేవారి అంచనాలో ఉంది. 7వ ప్యాకెట్ ఒక కేబుల్‌లో వెనకబడి 8, 9, 10 ముందుగా చేరితే, అందుకునే యంత్రం ‘నాకు 7 కావాలి’ అని మూడుసార్లు అడుగుతుంది. ఆ మూడు పునరుక్తులను చూసి పంపే యంత్రం 7వది దారిలో పోయిందని తీర్మానించి, దానిని మళ్లీ పంపడమే కాక తన వేగాన్నీ తగ్గించుకుంటుంది. పోని ప్యాకెట్‌కు పడిన శిక్ష ఇది. వరుస చెదరడాన్ని గమనించినకొద్దీ లైనక్స్ ఈ ‘మూడు’ అనే హద్దును పెంచుకుంటుంది. సంఖ్యకు బదులు కాలాన్ని కొలిచే ర్యాక్ పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. అవి నష్టాన్ని తగ్గిస్తాయే గాని పూర్తిగా పోగొట్టవు.

లైనక్స్ కెర్నెల్ (దాని మూల భాగం) కూడా ఈ విషయంలో జాగ్రత్తగానే ఉంటుంది. అనేక క్యూలున్న నెట్‌వర్క్ కార్డులో ఒక టీసీపీ ప్రవాహాన్ని ఒక క్యూ నుంచి ఇంకో క్యూకు మార్చేముందు, అప్పటివరకు పంపినవన్నీ అందినట్లు సమాధానం వచ్చిందా అని చూస్తుంది. లేకుంటే కొత్త ప్యాకెట్ పాతదానిని దాటిపోతుంది. మీరు ఎంచుకున్న వంతుల పద్ధతిలో ఆ జాగ్రత్త లేదు.

కనుక చిరునామా, పోర్టులను బట్టి లెక్క కట్టి కేబుల్‌ను ఎంచుకునే హ్యాష్ పద్ధతికి మారండి. అప్పుడు ఒక ప్రవాహం ఒక కేబుల్‌కే కట్టుబడుతుంది కాబట్టి ఒక్క కాపీ ఒక గిగాబిట్‌ను మించదు. రెండు కేబుళ్లూ పనిలోకి రావాలంటే ఫైలును ముక్కలు చేసి నాలుగైదు కనెక్షన్లలో పంపవలసిందే. అవన్నీ ఒకే కేబుల్ మీద పడితే పోర్టులు మార్చి మళ్లీ ప్రయత్నించండి.