మోడల్ హౌస్‌లో కూర్చున్నావిడ బిల్డర్ మనిషి, మరి మీ మనిషేది?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో అద్దెకుంటున్నాం. మొన్న శనివారం సెలీనాలో కొత్తగా కడుతున్న ఇళ్ళు చూసొచ్చాం, సేల్స్ ఆవిడ చాలా బాగా మాట్లాడింది, పేపర్‌వర్క్ అంతా తనే చూసుకుంటానంది. మనకి వేరే ఏజెంట్ ఎందుకు, బిల్డర్ ఆ ఏజెంట్‌కిచ్చే కమీషన్ డబ్బులేవో రేటులో తగ్గించమందాం అంటున్నారు మావారు. మా ఫ్రెండ్‌కి తెలిసిన ఏజెంట్ ఒకాయన తన కమీషన్‌లోంచి మాకు క్యాష్‌బ్యాక్ ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఏజెంట్‌ని పెట్టుకోండమ్మా. ఆవిడ నిజంగా మంచిదే అయ్యుండొచ్చు, కానీ ఆవిడ పనిచేసేది బిల్డర్ తరఫున, మన బడ్జెట్ ఎంతదాకా సాగుతుందో, మన లీజు ఎప్పుడు అయిపోతుందో మీరు మాటల్లో చెప్పేస్తే అవన్నీ బిల్డర్‌కి చేరతాయి, అది ఆవిడ డ్యూటీ. పెళ్ళి మాటలకి అవతలివాళ్ళ పెద్దమనిషినే మన తరఫున కూడా మాట్లాడిపెట్టమంటామా?

ఇక మీవారన్నట్టు కమీషన్ మిగులుతుందా అంటే, చాలామంది బిల్డర్లు ఆ డబ్బుని మార్కెటింగ్ ఖర్చులో వేసేసుకుంటారు, మీరు ఒంటరిగా వెళ్ళినంత మాత్రాన రేటు తగ్గించరు. ఒక ఇల్లు తక్కువకి అమ్మితే అదే వీధిలో మిగతా ఇళ్ళ అప్రైజల్ (బ్యాంకు కోసం కట్టే విలువ) మీద పడుతుందని వాళ్ళ భయం. అందుకే రేటు ముట్టుకోకుండా క్లోజింగ్ (ఇల్లు మీ పేరుకి మారే రోజు) ఖర్చులు, వడ్డీ తగ్గింపు, అప్‌గ్రేడ్లు ఇస్తారు. పక్క కమ్యూనిటీలో ఇప్పుడేం ఇస్తున్నారో తెలిసినవాడే అవి గట్టిగా అడగగలడు. పైగా టెక్సస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడైందో బయటపెట్టాలన్న రూలే లేదు, ఆన్‌లైన్‌లో మనకి కనపడేవి చాలావరకు అడిగిన రేట్లూ అంచనాలే, ఎంఎల్ఎస్‌లో (ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్ళు పెట్టుకునే డేటాబేస్) పెట్టి అమ్మిన ఇళ్ళ అసలు రేట్లు ఏజెంట్లకి కనిపిస్తాయి.

కాంట్రాక్టు జాగ్రత్త. పాత ఇల్లు కొంటే స్టేట్ వాళ్ళ ఫారం, అందులో ఆప్షన్ పీరియడ్ పెట్టుకుంటే కొద్దిపాటి ఫీజు కట్టి ఆ రోజుల్లో ఏ కారణం లేకుండా బయటకొచ్చేయొచ్చు. బిల్డర్ల కాంట్రాక్టు వాళ్ళ లాయర్లు రాసుకున్నది, అందులో మామూలుగా ఈ వెసులుబాటు ఉండదు, డిజైన్ సెంటర్‌లో టైల్స్‌కీ కౌంటర్‌టాప్‌కీ కట్టిన డిపాజిట్ చాలాసార్లు వెనక్కి రాదు.

ఇంకోటి, మనవాళ్ళని చాలామందిని దెబ్బకొట్టేది ప్రాపర్టీ ట్యాక్స్. జనవరి 1న ప్లాటు ఎలా ఉందో దాన్నిబట్టి ఆ ఏడాది ట్యాక్స్ వేస్తారు, ఇల్లు ఇంకా లేవకపోతే స్థలానికే పడుతుంది. ఉదాహరణకి 5 లక్షల డాలర్ల ఇల్లు, ట్యాక్స్ 2.5 శాతం, స్థలం విలువ లక్ష అనుకోండి, మొదటేడు 2,500 డాలర్లు, తర్వాతేడు 12,500, అంటే నెలకి 800కి పైగా పెరిగింది, దానికితోడు ఎస్క్రోలో (ట్యాక్స్ కట్టడానికి లెండర్ మీ దగ్గర నెలనెలా తీసుకుని దాచే ఖాతా) తగ్గిన డబ్బు కూడా కట్టమంటారు. కొత్త కమ్యూనిటీల్లో మడ్, పిడ్ ఛార్జీలు (నీళ్ళు, రోడ్లలాంటి వసతుల కోసం ఆ ప్రాంతం ఇళ్ళ మీద వేసేవి) కూడా ఉండొచ్చు. సంతకానికి ముందే ఇవన్నీ లెక్కేసి మీ ముందు పెట్టమని మీ ఏజెంట్‌ని అడగండి.

కొత్త ఇల్లే కదా ఇన్‌స్పెక్షన్ ఎందుకు అని మాత్రం అనుకోవద్దు! అక్కడి నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, ఫౌండేషన్‌కి అదే పెద్ద గండం. కాంక్రీటు పోయకముందు ఒకసారి, గోడలకి షీట్‌రాక్ (లోపలి గోడ పలకలు) కొట్టకముందు ఒకసారి, క్లోజింగ్‌కి ముందు ఒకసారి మీ సొంత ఇన్‌స్పెక్టర్ చూడాలి. షీట్‌రాక్ కొట్టేశాక వైరూ పైపూ ఏం చూస్తాం. ఆ తేదీలు బిల్డర్‌తో మాట్లాడి ముందే ఖాయం చేయించేది మంచి ఏజెంటే, మీరిద్దరూ ఆఫీసు మీటింగుల్లో ఉంటారు.

క్యాష్‌బ్యాక్ టెక్సస్‌లో చట్టప్రకారం తప్పు కాదు, కాకపోతే లెండర్‌కి చెప్పి క్లోజింగ్ కాగితాల్లో చూపించాలి. అయితే దాన్ని చూసే ఏజెంట్‌ని ఎంచుకుంటే నాకు నచ్చదు, ఎక్కువ వెనక్కిచ్చేవాళ్ళలో కొంతమంది బిల్డర్ రిజిస్టర్‌లో పేరు రాయించుకుని మళ్ళీ క్లోజింగ్ రోజే కనపడతారు. పైన చెప్పిన పనులన్నీ చేస్తాడా అని అడగండి, చేస్తానంటే తీసుకోండి.

2024 ఆగస్టు 17 నుంచి ఏజెంట్ల రూల్స్‌లో వచ్చిన మార్పుల వల్ల, ఏజెంట్ ఇల్లు చూపించకముందే మీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఫీజు ఎంత, ఎన్నాళ్ళు అన్నది చదవండి, రెండూ బేరమాడొచ్చు. బిల్డర్ అంతకన్నా తక్కువిస్తే మిగతాది మీమీద పడుతుందా అని తప్పకుండా అడగండి.

మీరు ఆల్రెడీ ఒకసారి వెళ్ళొచ్చారు కదా, అదొక్కటే చిక్కు. చాలామంది బిల్డర్లు మొదటిసారి వచ్చినప్పుడే ఏజెంట్ పక్కనుండాలి, లేదా పేరు రాయించాలి అంటారు, లేకపోతే ఆ ఏజెంట్‌కి డబ్బులివ్వరు. కానీ మీరింకా ఏమీ సంతకం పెట్టలేదనుకుంటున్నా, కాబట్టి రెండోసారి వెళ్ళకముందే ఆవిడకి ఈమెయిల్ పెట్టి మా ఏజెంట్ పేరు చేర్చండి అని అడగండి, ఒప్పుకుంటే జవాబు రాతలోనే తీసుకోండి, కుదరదంటే పక్కనే ఇంకో బిల్డర్ ఉన్నాడు, అక్కడికి మాత్రం ఏజెంట్‌తోనే వెళ్ళండి.