ముందు సంఘం గొంతు విను, అమ్మా

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం చేరింది. వారమంతా సెమినరీలో కాబోయే పాస్టర్లకు ఆరాధన పాఠం చెప్పి, ఆదివారం రెండు పల్లె సంఘాలు చూసుకోవడం చిన్న పని కాదు. "గుడిలో ప్రాణం లేదు అయ్యగారూ, అందరూ చూస్తూ కూర్చుంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టను?" అని అడిగావు. కొత్త ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ కొందామని, గోడకు తెర పెడదామని యువకులు అంటున్నారన్నావు. అవి తర్వాత చూద్దువుగాని. వచ్చే ఆదివారం రెండో పాటలో ఒక్క చరణానికి కీబోర్డు, డోలక్, మైకు అన్నీ ఆపించు. ఎవరి గొంతు వాళ్ళకు వినపడనివ్వు. సగంమంది తడబడతారు. అప్పుడు వెనక చాప మీద నుంచి ఒక ముసలమ్మ ఎత్తుకుంటుంది. ఆమె ఎవరో గుర్తుపెట్టుకుని ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళు.

ఎందుకంటే, మన ఇళ్ళల్లో ఉండే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి, పాడే తీరు ఉండదు. పురుషోత్తమ చౌదరి గారు పంతొమ్మిదో శతాబ్దంలో రాసిన కీర్తనలు మనదాకా నోటి మీదే వచ్చాయి. 1964లో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ రాజమండ్రిలో మొదలైంది. అక్కడ చదువుకునే రోజుల్లో ఒక రాత్రి గుంటూరు వైపు లూథరన్ కుర్రాడు, ఒంగోలు బాప్టిస్టు కుర్రాడు, నేను ఒకే కీర్తన మూడు వరసల్లో పాడాం. ఏది అసలైనదని వాదించుకుని, చివరికి మూడూ నేర్చుకున్నాం. ఆ ముసలమ్మ కన్ను మూస్తే ఆమెతోపాటు ఒక వరస పోతుంది. ఫోన్లో రికార్డు చెయ్యి. పిల్లల్ని వెంటబెట్టుకెళ్ళి ఆమె దగ్గరే నేర్పించు. కొత్త పాటలు వద్దని నేననను. నా మనవలు పాడేవి వింటే నాకూ సంతోషమే. కానీ జనం కలిసి పాడలేనంత ఎత్తు శ్రుతిలో వేదిక మీద నలుగురే పాడే పాటకు ఆరాధనలో చోటు తగ్గించు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, నువ్వు చెయ్యకు. ఖమ్మం వైపు నా మొదటి సంఘంలో, గ్రాంథికం జనానికి అర్థం కాదని, పాపాలు ఒప్పుకునే ప్రార్థన అంతా వాడుక భాషలో తిరగరాసి, కాగితాలు అచ్చువేయించి పంచాను. మాటలు బాగానే కుదిరాయి. కానీ ముందు వరుసలో కూర్చునే ఒక అవ్వకు చదువు రాదు. పాత ప్రార్థన ఆమెకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. ఆ రోజు ఆమె పెదవులు రెండు మాటలు కదిలి ఆగిపోయాయి. కాగితం తలకిందులుగా పట్టుకుని కూర్చుంది. బయటికి వస్తూ, "నాకొచ్చిన ప్రార్థన తీసేశారా అయ్యగారూ?" అంది. ఆ మాట నలభై ఏళ్ళుగా నన్ను వదల్లేదు. పెద్దల నోట నిలిచిపోయిన మాటలను ఒక్క వారంలో మార్చకు. మార్చక తప్పకపోతే ముందు వాళ్ళకు ఇంటి దగ్గర నేర్పి, నోటికి వచ్చాకే గుడిలోకి తీసుకురా.

ఇక ఆరాధనలో ఒకరికొకరు సమాధానం, అంటే క్రీస్తు శాంతి, ఇచ్చిపుచ్చుకోవడం గురించి. నీ విద్యార్థులకు దీన్ని తప్పకుండా చెప్పాలి. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాక, 1950లో వచ్చిన ప్రభువు బల్ల ఆరాధన క్రమంలో మన పెద్దలు కేరళ సిరియన్ క్రైస్తవుల పద్ధతి చేర్చారు. ఇచ్చేవారు తమ అరచేతుల మధ్య ఎదుటివారి చెయ్యి పట్టుకుంటారు. అలా ఒకరి నుంచి ఒకరికి సమాధానం గుడి చివరిదాకా వెళ్తుంది. మన చోట్ల అది ఎంత పెద్ద మాటో ఆలోచించు. దోర్నకల్ వైపు మన సంఘాలు ఎక్కువగా మాల, మాదిగ పేటల నుంచి వచ్చినవే. ఒకే గుడిలో రెండు పేటలవాళ్ళు విడివిడిగా కూర్చున్న రోజులు నేను చూశాను. ఇప్పుడు చాలాచోట్ల ఆ భాగాన్ని చెయ్యి ఊపి ముగించేస్తున్నారు. నువ్వలా కానివ్వకు. ముందుగా నువ్వే బల్ల దిగి వెళ్ళు. గుడిలో అందరికన్నా చివర కూర్చున్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టు. ఆలస్యమైతే ప్రసంగంలో పది నిమిషాలు తగ్గించుకో. సంఘం ఏమీ నష్టపోదు.

సెమినరీ చాపెల్‌లో పిల్లలు నడిపే ఆరాధనకు మార్కులు వెయ్యకు. మార్కులుంటే పిల్లలు దేవునికి కాక నీకు ప్రార్థిస్తారు. వాక్యభాగం చదవాల్సినవాణ్ణి ముందు రోజు రాత్రి నీ దగ్గరకు పిలిచి మూడుసార్లు గట్టిగా చదివించు. ఎక్కడ ఊపిరి ఆపాలో, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలిసేదాకా వదలకు. చాలామంది పాస్టర్లు ప్రసంగానికి వారమంతా సిద్ధపడి, వాక్యాన్ని మాత్రం అక్కడికక్కడే తెరిచి గడగడా చదివేస్తారు. నాకది బాధగా ఉంటుంది. వీలైతే ఒకసారి పిల్లల్ని దోర్నకల్ తీసుకెళ్ళు. అక్కడి బిషప్ అజరయ్య గారు కట్టించి 1939లో ప్రతిష్ఠించిన గుడిలో ఒక గంట ఊరికే కూర్చోబెట్టు. గుమ్మటాలు మసీదులా, స్తంభాలు హిందూ గుడి మంటపంలా ఉంటాయి. కొత్తదనం అంటే పరాయి ఊరి నుంచి తెచ్చుకునేదే అనుకునే పిల్లలకు ఆ స్తంభాలే సగం పాఠం చెబుతాయి.

ఇతరుల అవసరాల కోసం చేసే విజ్ఞాపన ప్రార్థన గురించి కొంచెమే. శనివారం సాయంత్రానికే ఊరు చేరి నాలుగిళ్ళు తిరుగు. ఒక చిన్న పుస్తకంలో రాసుకో: ఫలానా వాళ్ళ మిర్చి తోటకు తెగులు, ఫలానా అమ్మాయికి కాన్పు, ఒకాయన డయాలిసిస్‌కు వెళ్తున్నాడు. అడిగి, వాళ్ళు సరేనంటేనే ఆదివారం ఆ పేర్లు చదువు. ఒప్పుకోలు అయ్యాక మనసులో వందదాకా లెక్కపెట్టుకుంటూ ఊరుకో. ఆ మౌనం మొదట్లో అందరికీ ఇబ్బందిగా ఉంటుంది, నీకు కూడా.

ఖమ్మం వైపు ఆ అవ్వ పాడిన రెండు కీర్తనలు నా దగ్గర క్యాసెట్ మీద ఉన్నాయి. మా చిన్నవాడు వాటిని ఫోన్లోకి ఎక్కించాడు. మట్టల ఆదివారం అయ్యాక ఒక రోజు ఇటు రా, వినిపిస్తాను. రెండోదాని తాళం నాకింకా సరిగ్గా అందలేదు, ఇద్దరం కూర్చుని పట్టుకుందాం. వచ్చేటప్పుడు మీ సంఘం కుర్రాళ్ళలో డోలక్ వాయించేవాణ్ణి కూడా తీసుకురా.

ప్రభువునందు,
నీ పాత అయ్యగారు