డబ్లిన్‌కి పచ్చళ్ళు పంపేముందు

గుంటూరు

చిరంజీవి చిట్టికి, మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగం మానేసి ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో పచ్చళ్ళు, కారప్పొడుల వ్యాపారం పెడుతున్నావట. ఇక్కడినుంచి కంటైనర్ తెప్పించి గోదాములో దించి, అక్కడినుంచి డబ్లిన్‌లో, జర్మనీలో ఉన్న మనవాళ్ళకి పంపుతావట. చిన్నప్పుడు మిర్చి యార్డులో ముక్కుకి గుడ్డ కట్టుకుని నా వెనకే తిరిగిన పిల్లవి, ఇవాళ కంటైనర్ల గురించి మాట్లాడుతున్నావంటే ఎంత సంతోషమేసిందో. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

కంపెనీ రిజిస్ట్రేషన్, లేబుళ్ళు, బీమా నీకు నేను చెప్పక్కర్లేదు. ల్యాబ్ రిపోర్టు చేతికి రాకుండా కారం ఇక్కడినుంచి కదలనివ్వకు. నెయ్యి తగిలిన మిఠాయిల జోలికి ఇప్పుడే పోకు. నేను చెప్పాల్సింది పౌండు సంగతి.

2016 మే నెలలో లండన్‌లో ఒకాయనకి రెండు కంటైనర్ల ఎండుమిరప ఒప్పుకున్నాను. 40,000 పౌండ్లు. అప్పుడు పౌండు 97 రూపాయల దగ్గర ఉంది. జూన్ 23న అక్కడ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని ఓటింగ్. మా బ్యాంకులో ఒక కుర్రాడు ముందే చెప్పాడు: "సార్, ఫార్వర్డ్ కాంట్రాక్ట్ చేసుకోండి, రేటు ఇప్పుడే కట్టేసుకుంటే టెన్షన్ ఉండదు" అని. నేను వినలేదు. పౌండు పెరుగుతోంది కదా, రేటు కట్టేసుకుంటే ఆ లాభం పోతుందనుకున్నాను. ఓటింగ్ రోజుకి 100 దాకా వచ్చింది కూడా. ఆ సాయంత్రం మీ అత్తయ్యతో లక్ష రూపాయలు పైన మిగులుతాయని చెప్పాను.

మర్నాడు అలవాటు ప్రకారం నాలుగింటికే లేచి టీవీ పెట్టాను. అయిదు కావస్తుండగా సండర్‌లాండ్ ఫలితం వచ్చింది. నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు అది. యూరప్‌కి కార్లు అమ్ముకుని బతికే ఊరే బయటికి పోదామని 61 శాతం ఓటేసింది. ఆ నిమిషం నుంచి పౌండు పడడం కళ్ళారా చూశాను. కొన్ని గంటల ముందు 1.50 డాలర్లు ఉన్నది, పొద్దున్న పది దాటేసరికి 1.33 దాకా జారింది. మన రూపాయల్లో 90, 91 దగ్గర. నా మిరప అప్పటికి ఇంకా సముద్రం మీదే ఉంది.

అది ఒక తప్పు. దాన్నైనా క్షమించుకోగలను. సెప్టెంబర్ మొదట్లో డబ్బు వచ్చింది, రేటు 88. అప్పుడే రూపాయల్లోకి మార్చేసి ఉంటే సరిపోయేది. పడింది మళ్ళీ లేవకపోతుందా అని పౌండ్లను బ్యాంకులో విదేశీ డబ్బు ఖాతాలో అలాగే ఉంచాను. ఆ ఖాతాలో వచ్చిన డబ్బు తర్వాతి నెలాఖరులోగా మార్చేయాలని రూలు. అక్టోబర్‌లో 82కి మార్చుకున్నాను. లెక్క వేసుకో, ఒప్పుకున్ననాటి 97తో చూస్తే 6 లక్షలు నష్టం. మిరప ఇచ్చిన రైతులకి మాట ఇచ్చి ఉన్నాను కాబట్టి మీ అత్తయ్య నానుతాడు తాకట్టు పెట్టాను. తను ఒక్క మాట అనలేదు. రెండేళ్ళు పసుపు తాడుతో పెళ్ళిళ్ళకి వచ్చింది. ఎవరైనా అడిగితే బరువుగా ఉందని తీసేశానని చెప్పేది. ఆ రెండేళ్ళూ నేను తల ఎత్తి తన మెడ వైపు చూడలేదు.

పౌండు ఎందుకలా పడిందో తర్వాత అర్థమైంది. ఆ రోజు బ్రిటన్ ఎక్కడికీ వెళ్ళలేదు, సరుకు ఒక్క రోజు కూడా ఆగలేదు. యూనియన్ నుంచి బయటికి వచ్చింది 2020 జనవరి 31న. పాత నియమాలు ఆ డిసెంబర్ 31 దాకా నడిచాయి. అంటే కరెన్సీ ఒక్క రాత్రిలో పడితే, వ్యాపారానికి దెబ్బ తగలడానికి నాలుగున్నరేళ్ళు పట్టింది. ఇకమీదట ఆ దేశంలో పెట్టుబడి పెట్టేవాళ్ళు తగ్గుతారు, పౌండ్లు కావాలనేవాళ్ళు తగ్గుతారు అనుకుని కరెన్సీ వ్యాపారం చేసేవాళ్ళు పౌండ్లు ముందే అమ్మేశారు. పౌండు చవకైతే బ్రిటన్ ఎగుమతులు పెరగాలి కదా అని అడుగుతావు. వాళ్ళు తయారుచేసేవాటికి చాలా సామాన్లు బయటినుంచే కొనాలి, అవన్నీ ప్రియమయ్యాయి. 2017 నవంబర్‌కి అక్కడ ధరల పెరుగుదల 3 శాతం దాటింది.

నీకు ఇది తిరగబడి తగులుతుందమ్మా. నేను పౌండ్లు తీసుకునేవాణ్ణి, నువ్వు పౌండ్లు ఇచ్చేదానివి. ఇక్కడ కొనేది రూపాయల్లో, అక్కడ అమ్మేది పౌండ్లలో, డబ్లిన్‌లో యూరోల్లో. పౌండు పడిన రోజున నీ ఆవకాయ సీసా కొన్నధరే పెరుగుతుంది. ఆర్డర్ పెట్టిన రోజే రేటు కట్టేసుకో. రేటు పెరిగితే వచ్చే లాభం నీది కాదనుకో.

ఇక డబ్లిన్ మాట. 2020 చివరిదాకా అయితే లండన్‌లో ఒకసారి సుంకం కట్టిన సరుకు యూరప్ అంతా తిరిగేది. 2020 డిసెంబర్ 24న బ్రిటన్‌కీ యూనియన్‌కీ కుదిరిన ఒప్పందంలో సుంకాలు లేవని అందరూ చెబుతారు. అది బ్రిటన్‌లో పుట్టిన సరుకుకే. గుంటూరులో పట్టిన పచ్చడి లెస్టర్‌లో కొత్త సీసాలోకి మారినంత మాత్రాన బ్రిటన్ పచ్చడి అయిపోదు. సుంకం ఉన్న సరుకైతే అక్కడొకసారి, ఐర్లాండ్‌లో మళ్ళీ ఒకసారి కడతావు. 2025 జూలై 24న మనకీ బ్రిటన్‌కీ ఒప్పందం మీద సంతకాలయ్యాయని నువ్వు అనొచ్చు. అది లెస్టర్ గుమ్మం దాకానే పనికొస్తుంది. చిన్న పార్సిల్ అని వదలరు, 22 యూరోల లోపు సరుకుకి యూరప్‌లో ఉండే వ్యాట్ (అమ్మకం పన్ను) మినహాయింపు 2021 జూలైలో తీసేశారు. ఐర్లాండ్ లారీల వాళ్ళు కూడా బ్రిటన్ మీదుగా పోవడం తగ్గించి, అక్కడి రాస్‌లేర్ రేవు నుంచి నేరుగా ఫ్రాన్స్‌కి పడవ ఎక్కుతున్నారు. వాళ్ళకి లేని మోజు నీకెందుకు? డబ్లిన్ సరుకు ఇక్కడినుంచి నేరుగా డబ్లిన్‌కే పంపిద్దాం. లెస్టర్ మీదుగానే కావాలంటే సుంకం కట్టకముందే నిలవ ఉంచే కస్టమ్స్ గోదాము చూసుకో.

మీ అమ్మ చివర్లో గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. ఇల్లు మీద అప్పు తీసుకుందామా అని అడిగావట. వద్దు. చిట్టీ, ఎంత కోపం వచ్చిందో తెలుసా ఆ మాట వినగానే. మీ నాన్న పోయాక ఆ ఇల్లొక్కటే మీ అమ్మకి ధైర్యం. మొదటి ఏడాది ఒక్క కంటైనర్ చాలు, దానికి తగ్గ డబ్బు నా దగ్గర ఉంది. వడ్డీ మాట ఎత్తావంటే ఊరుకోను.

అత్తయ్య నీకోసం మాగాయ ముక్కలు ఎండబెడుతోంది, వ్యాపారానికి కాదు, నీకే. గోదాము అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందు ప్రతి పేజీ ఫోటో తీసి పంపు. నేను ఇప్పటికీ నాలుగింటికే లేస్తాను, నీకప్పుడు రాత్రి పదకొండున్నర. ఆ వేళకి మెలకువగా ఉంటే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య