బుజ్జీ, అడ్వాన్సు ఇచ్చే ముందు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు యూనివర్సిటీ హాస్టల్ వదిలేసి, ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కలిసి లెస్టర్‌లో ఇల్లు తీసుకుంటున్నావట. మంచం మీద నుంచి లేచి మంచినీళ్ళు తెచ్చుకోవడానికి బద్ధకించే పిల్ల ఇంగ్లండులో ఇల్లు చూసుకునేదాకా వచ్చిందని మురిసిపోయాను. ఆ మురిపెం ఐదు నిమిషాలు కూడా ఉండనివ్వలేదు మీ అమ్మ. "ఓనరు మనవాళ్ళేనట అక్కా, చాలా మంచివాళ్ళట. ముందు అడ్వాన్సు క్యాష్‌గా ఇచ్చేస్తే అగ్రిమెంటు తర్వాత రాసుకోవచ్చన్నారట" అంది. ఇక నాకు నిద్రెక్కడిది? పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది. వాట్సాప్ ఫార్వర్డు చూసినట్టు పైపైన చూసి వదిలెయ్యకు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. అగ్రిమెంటు చదివాకే సంతకం. అందులో నలుగురి పేర్లూ ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపాలి, రిఫరెన్సులో డిపాజిట్ అని రాయాలి. నీకిక్కడ గ్యారంటర్ లేరని ఆరు నెలల అద్దె ముందే కట్టమంటే కుదరదని చెప్పు. ఇదివరకు స్టూడెంట్లని అలాగే పిండేవాళ్ళు. 2026 మే 1 నుంచి ఒక నెలకి మించి ముందుగా అడగకూడదని చట్టం.

ఒకటి మాత్రం ఇప్పుడే కనుక్కో. ఇల్లు మీలో ఒకమ్మాయి పేరు మీదే తీసుకుని, మిగతా ముగ్గురూ ఆమెకి డబ్బులిస్తూ ఉండే ఏర్పాటు గానీ కాదు కదా? అలాగైతే నేను కింద రాసేదంతా నీకు చాలావరకు పనికిరాదు. ఓనరుతో పాటు అదే ఇంట్లో ఓ గదిలో ఉండేవాళ్ళకీ అంతే, డిపాజిట్ రక్షణ వర్తించదు. మన పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

ఇక అసలు సంగతి. హైదరాబాదులో రెండు నెలల అద్దె అడ్వాన్సు ఇస్తాం, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఓ నెల అద్దె కోసుకుని మిగతాది చేతిలో పెడతారు, మనమూ నోరు మూసుకుని తీసుకుంటాం. ఆ అలవాటు అక్కడే వదిలెయ్. ఇక్కడ డిపాజిట్ ఓనరు చేతిలో ఉన్నా అది నీ డబ్బే. 2007 ఏప్రిల్ నుంచి ఇంగ్లండు, వేల్స్‌లో దాన్ని ప్రభుత్వం ఆమోదించిన స్కీములో పెట్టి తీరాలి. ఇంగ్లండులో ఆ స్కీములు మూడే: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. డబ్బు అందిన 30 రోజుల్లోపు స్కీములో చేర్చాలి, ఏ స్కీములో పెట్టారో, ఎంత పెట్టారో, వెనక్కి ఎలా తీసుకోవాలో నీకు రాతపూర్వకంగా ఇవ్వాలి. డబ్బు పంపిన రోజే ఫోన్‌లో అలారం పెట్టుకో. ఆయన "పెట్టేశానమ్మా" అంటే సరిపోదు. మూడు వెబ్‌సైట్లలోనూ పిన్‌కోడు, నీ ఇంటిపేరు, తేదీ కొట్టి నువ్వే చూసుకోవాలి.

డిపాజిట్ ఎంత అడగొచ్చన్న దానికీ లెక్కుంది. ఐదు వారాల అద్దె, అంతే. 2019 నుంచి ఇదే రూలు. మీ ఇంటి అద్దె నెలకి 1,560 పౌండ్లని చెప్పింది మీ అమ్మ. పన్నెండుతో హెచ్చించి 52తో భాగిస్తే వారానికి 360. ఐదు వారాలకి 1,800. మీ ఓనరు గారు రెండు వేలు అడిగారట. "రౌండ్ ఫిగర్ కోసం అక్కా" అంటోంది మీ అమ్మ. రౌండ్ ఫిగరూ లేదు, ఏమీ లేదు. ఆ రెండు వందలు అడగడమే చట్టవిరుద్ధం.

నాకెందుకింత టెన్షన్ అంటావేమో, మీ పెదనాన్న తమ్ముడి కథ నీకు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను.

2014లో వాళ్ళు లండన్ ఈస్ట్ హామ్‌లో ఓ షాపు పైన ఫ్లాట్ తీసుకున్నారు. చేతిలో చంటిపిల్ల. ఓనరు వేరే చోట ఉండేవాడు, మన జిల్లా మనిషే. మాట తీయన. తొమ్మిది వందల పౌండ్లు అడ్వాన్సు కార్లో కూర్చుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు మా మరిది. రసీదు అడగబోతే "మనకి మనకి రసీదులేంటండీ" అన్నాడట. ఈయన సిగ్గుపడిపోయి, అడిగినందుకు సారీ కూడా చెప్పాడట! పిల్ల పుట్టినరోజుకి ఆ ఓనరు సకుటుంబంగా వచ్చి వెండి గ్లాసు చదివించి వెళ్ళాడు.

రెండేళ్ళు గడిచాయి. బెడ్‌రూములో బీరువా వెనక గోడంతా నల్లగా బూజు పట్టింది, పిల్లకి ఒకటే దగ్గు. బాగుచేయించమంటే మాట మారింది. కిటికీలు తీయకుండా వంటలు చేస్తే బూజు పట్టదా అన్నాడు. వీళ్ళు ఖాళీ చేశారు. కార్పెట్ పాడయింది, గోడ పాడయింది అని పైసా ఇవ్వలేదు. ఆఫీసులో ఎవరో ఈ స్కీముల సంగతి చెబితే అప్పుడు వెతికాడు మా మరిది. మూడింట్లోనూ లేదు.

ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వాళ్ళ దగ్గరికి వెళితే, స్కీములో పెట్టకపోవడమే తప్పు, కోర్టు డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్ల దాకా జరిమానా వేసి అది మీకే ఇప్పిస్తుంది అన్నారు. అంటే 2,700 దాకా, అసలు కాక. కానీ మీరు డబ్బిచ్చినట్టు కాగితం ఏదీ అన్నారు. కాగితమెక్కడుంది? అగ్రిమెంటులో ఆ మాటే లేదు. ఫోను మార్చాడు, పాత మెసేజీలు పోయాయి. ఓనరుని అడిగితే "అది మొదటి నెల అద్దె కదండీ" అన్నాడు.

అయినా గట్టిగా కూర్చుంటే ఏదో దారి దొరికేదేమో. క్యాష్ డ్రా చేసిన బ్యాంకు స్టేట్‌మెంటు ఉంది, డబ్బిచ్చినప్పుడు వెనక సీట్లో కూర్చున్న స్నేహితుడు ఉన్నాడు. కానీ ఈయన గుడికి వెళితే ఆయన ఎదురుపడేవాడు, ఉగాదికి హాల్లో పక్క టేబుల్ మీదే భోజనం. వెండి గ్లాసు పెట్టిన మనిషికి లాయర్ నోటీసు ఎలా పంపుతాం వదినా అనేవాడు. మొహమాటానికి పోతే ఏమైందో సామెత ఉందిలే, చిన్నపిల్లవి, నీకు పూర్తిగా చెప్పను. వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఉండగా 2020 వచ్చేసింది. ఈ దావా వేయడానికి గడువు ఆరేళ్ళు. అది కాస్తా దాటిపోయింది. ఆ గ్లాసు తోమినప్పుడల్లా మా తోడికోడలు "తొమ్మిది వందల పౌండ్ల గ్లాసు" అంటుంది, ఆయన లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతాడు.

మనవాళ్ళంతా మోసగాళ్ళని నేననడం లేదే. తెల్లవాళ్ళలోనూ ఎగ్గొట్టేవాళ్ళున్నారు, మనవాళ్ళలో డిపాజిట్ అందిన మర్నాడే స్కీము సర్టిఫికెట్ పంపేవాళ్ళూ ఉన్నారు. కాకపోతే తెల్లాయన్ని నువ్వు కాగితం అడుగుతావు, మనవాళ్ళని అడగవు. నా బెంగంతా అదే.

30 రోజులు దాటినా స్కీములో కనిపించకపోతే కంగారు పడకు. మర్యాదగా ఈమెయిల్ పెట్టు, ఫోన్లో మాట్లాడకు. అప్పటికప్పుడు పరుగెత్తి స్కీములో పెట్టినా, డబ్బు వెనక్కి ఇచ్చేసినా, గడువు దాటిన తప్పు పోదు, నీ హక్కు నీకుంటుంది. జరిమానా ఎన్ని రెట్లన్నది జడ్జి ఇష్టం. దావా వేసేది కౌంటీ కోర్టులో, దానికి ముందు పద్నాలుగు రోజులు టైమిస్తూ ఒక లెటర్ రాయాలి. చాలామంది ఆ లెటర్‌తోనే దిగొస్తారు. లెటర్ రాసే ముందు ఇళ్ళ సమస్యలకి సాయం చేసే షెల్టర్ అనే సంస్థకో, మీ స్టూడెంట్స్ యూనియన్ అడ్వైస్ సెంటర్‌కో వెళ్ళు, డబ్బు తీసుకోరు. నలుగురిదీ ఒకటే అగ్రిమెంటు కాబట్టి కేసులోనూ నలుగురూ కలిసి ఉండాల్సి వస్తుంది, ఆ ముగ్గురితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

"కేసు వేస్తే వీసా పోతుంది" అని ఎవరో ఒకరు భయపెడతారు చూడు. ఓనరు మీద సివిల్ దావా వేసినంత మాత్రాన వీసా పోదు. ఇంకోటి, అడ్వాన్సు రాదేమోనని చివరి నెల అద్దె ఎగ్గొట్టాలని మాత్రం చూడకు. అప్పుడు బాకీదారు నువ్వవుతావు, ఆయన దర్జాగా నీ మీదకే వస్తాడు. గ్లాస్గోలో ఉన్న మీ అన్నయ్యకి ఈ ఉత్తరం పంపకు. స్కాట్‌లాండ్ రూలు వేరు, అక్కడ ఖాళీ చేసిన మూడు నెలల్లోపే ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. వాడు ఆరేళ్ళుందని పడుకుంటాడు.

ఇంట్లో దిగే రోజు సామాన్లు విప్పకముందే వీడియో తీయి. గోడలు, కార్పెట్ మూలలు, ఓవెన్ లోపల, పరుపు కింద, బీరువా వెనక. ఓనరు ఇచ్చే ఇన్వెంటరీలో లేని మచ్చ కనిపిస్తే అదే రోజు ఈమెయిల్ చెయ్యి. వాడకంలో సహజంగా అరిగినదానికి డబ్బు కోయకూడదు. కోశారనుకో, స్కీము వాళ్ళే ఉచితంగా తగువు తీరుస్తారు, నష్టం జరిగిందని రుజువు చేయాల్సింది ఓనరే. కానీ కిచెన్‌లో తెల్ల గట్టు మీద పసుపు మరక సహజమైన అరుగుదల కాదు తల్లీ. పోపు పెట్టేటప్పుడు కింద పాత పేపరు వేసుకో, ఫ్యాన్ వేసుకో, కిటికీ తీసి ఉంచు, చలేసినా సరే.

తిండి సరిగ్గా తింటున్నావా? ఫోటోలో మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. కొత్త ఇంట్లో ఏ గది నీదో చెప్పు, వీధి వైపు కింది గదైతే వద్దను.

అగ్రిమెంటు పీడీఎఫ్ రాగానే నాకు పంపు. ఆ రెండు వందల సంగతి మీ పెదనాన్న మాట్లాడతానని ఉబలాటపడుతున్నారు. ఆయన మాట్లాడితే ఓనరు ఇల్లే ఇవ్వనంటాడని నా భయం. నువ్వే మాట్లాడు. "ఐదు వారాల లెక్క ప్రకారం 1,800 అండీ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకూ ఇష్టం లేదు" అని మెసేజ్ పెట్టు. పెట్టాక స్క్రీన్‌షాట్ తీసి దాచుకో.

ప్రేమతో,
పెద్దమ్మ