గది అలంకరణకు తొందర లేదు, గోడ చెమ్మకే ఉంది

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాకు ఏడో నెల. పుట్టబోయే బిడ్డకు పక్కగది సిద్ధం చేయాలని నా ఆశ. మావారు ఉయ్యాల, గోడ స్టిక్కర్లు ఎంచి పెట్టారు. ‘బిడ్డ భూమ్మీద పడకముందే ఏవీ కొనకూడదు’ అని అత్తగారు పట్టుబట్టారు. తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు. ఆ గది గోడకు కింద చెమ్మ కూడా ఉంది. సీమంతం అయ్యాక పుట్టింటికి బొబ్బిలి వెళ్తాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ అత్తగారిది మూఢనమ్మకమని తోసిపుచ్చకండి. పురిట్లోనే పిల్లలు దక్కని రోజుల నుంచి వచ్చిన భయం అది, మీ మీద కోపం కాదు. పైగా ఆవిడ మాట విన్నందువల్ల మీకు పోయేదేమీ లేదు. మీరు బిడ్డతో తిరిగొచ్చేది మూడో నెలలోనో ఐదో నెలలోనో. వచ్చాక కూడా కనీసం ఆరు నెలలు నిండేదాకా బిడ్డ మీ గదిలోనే, మీ మంచం పక్కన వేరే పక్క మీద పడుకోవడం క్షేమం. పక్కగదితో అప్పుడే పనేముంది?

ఈ మాట మీవారే వాళ్లమ్మతో చెప్పాలి, మీరు లేనప్పుడు. ‘కొనడాలన్నీ పురుడు అయ్యాకే, గోడ మాత్రం బాగు చేయిస్తాను’ అంటే చాలు. పాత నూలు చీరలతో బొంతలు కుట్టిపెట్టమని ఆవిడను మీరు అడగండి. పాతబట్టలకు పట్టింపు అడ్డురాదు, పసివాళ్ల ఒంటికి అవే మెత్తన.

ఇక గోడ. రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు ఉంచండి. గోడ వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ లోపలి నుంచి వస్తోంది: వెనక బాత్రూం పైపో, పునాది నుంచి ఎక్కే నీరో. అది ఆపకుండా పుట్టీ పెడితే నెలల్లో పొక్కులు లేచి రాలుతుంది. చుక్కలు గది వైపు పడితే గాలి ఆడక వచ్చిన తేమ, కిటికీ తెరిస్తే సరిపోతుంది. లీకు ఇప్పుడే కట్టించండి. రంగు మాత్రం అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటి గోడ ఆరాకే.

పాత ఆయిల్ పెయింటు గీకే రోజుల్లో మీరు ఆ ఇంట్లో ఉండొద్దు. పాత రంగుల్లో సీసం ఉంటుంది, ఆ దుమ్ము కడుపులో బిడ్డకు చేటు. పొడిగా కాకుండా తడిపి గీకమనండి. 2017 నవంబరు నుంచి ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదని నిబంధన ఉంది, డబ్బా మీద చూసి కొనండి. ప్రైమరు ఒకటి, నీళ్లలో కలిపే ఎమల్షన్ రెండు కోటింగులు చాలు.

స్టిక్కర్లు నా దృష్టిలో దండగ. పుట్టిన కొత్తలో పసికందుకు జానెడు దూరం దాటితే అన్నీ మసకే. పైగా చెమ్మకు ఊడిన ముక్కలు, పాకే వయసులో నోట్లోకి పోతాయి. ఆ డబ్బుతో మంచి దోమతెర కొనండి. ఉయ్యాలకు కమ్మీల సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు, పరుపు గట్టిగా ఉండాలి. ఏడాది నిండేదాకా దిండు వద్దు, ఆవాల దిండు కూడా. వెల్లకిలా పడుకోబెట్టండి.

రంగు వేశాక రెండు మూడు వారాలు కిటికీలు తెరిచే ఉంచాలి. మీరు వచ్చే వేళకు వాసన పోకపోతే బొబ్బిలిలోనే మరో పది రోజులు ఉండిపోండి.