పదింటి రైలు

తమ్ముడూ,

వియత్నాం రాజధాని హనోయ్ మీద నువ్వు రాసి పంపిన యాత్రావ్యాసం రెండుసార్లు చదివాను. నన్ను అక్కా అన్నావు. నీ వయసుకి నేను పిన్నిని అవుతాను, పోనీలే. అక్క అన్నావు కనక మొహమాటపడకుండా చెబుతాను.

వ్యాసంలో తప్పుల్లేవు. సరస్సు ఉంది, పాతకాలపు చదువుల గుడి అయిన సాహిత్య దేవాలయం ఉంది, గుడ్డు కాఫీ ఉంది, ఎర్రనది మీది లాంగ్ బియన్ వంతెన 1902లో పూర్తయిందనీ ఉంది. అన్నీ అయ్యాక ఆఖరి వాక్యంలో "ఆ రాత్రి రైలెక్కి లావో కాయ్ బయల్దేరాం" అని, చైనా సరిహద్దున ఉన్న ఆ ఊరి పేరు చెప్పి తేల్చేశావు. నాకు ఆశ వేసింది అక్కడే, అదే చోట వ్యాసం అయిపోయింది. పొద్దున్నుంచీ మీ నలుగురు స్నేహితుల వెంటా ఆ రైలు తిరిగింది కదా! దాన్ని చివరిదాకా ఎందుకు దాచావు?

లెక్క చూడు. పన్నెండింటికి హోటల్ గది ఖాళీ చేశారు. రైలు రాత్రి పదింటికి. మధ్యలో పది గంటలు ఆ ఊళ్ళో మీకు తలుపు వేసుకునే చోటు లేదు. మామూలుగా ఊరు చూడ్డానికి వెళ్ళినవాడు కాళ్ళు నొప్పెడితే గదికెళ్ళి పడుకుంటాడు. మీకది లేదు. అందుకే చెరువు గట్టు మీద బెంచీ దొరకడం, పేవ్‌మెంట్ మీద ఆ పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళ మీద గంటన్నర కదలకుండా కూర్చోవడం. ఆ గంటన్నరని నువ్వు "కాఫీ తాగాం" అని తీసిపారేశావు. పాలు దొరకని 1946లో, పాలకి బదులు గుడ్డు సొనతో ఆ కాఫీ పుట్టిందని మాత్రం రాశావు. ఒక్క కప్పుని అంతసేపు ఎందుకు సాగదీశారో నేను చెప్పనా? ఫోన్లు చార్జింగ్‌కి పెట్టి ఉంటారు.

నేనూ ఆ పది గంటలు గడిపాను, చాలా ఏళ్ళ క్రితం, ఇద్దరు స్నేహితురాళ్ళతో. ప్రతి గుంపులోనూ టైమెంత అని అడిగే మనిషి ఒకరుంటారు. మాలో అది నేనే. నాలుగింటికే నాకు టెన్షన్ మొదలైంది. నా టెన్షన్ వల్లే తొమ్మిదికి ముందే స్టేషన్‌కి చేరాం, చేరి తప్పు గేటు దగ్గర దిగాం. లావో కాయ్ రైలు ఎక్కాల్సింది వెనకవైపు, ట్రాన్ క్వి కాప్ వీధి గేటులోంచి. మేము దిగింది ముందు గేటు దగ్గర. సామాన్లు మోసుకుంటూ వీధులు చుట్టి వెళ్ళాం. వెళ్ళే ముందు మాలో ఒకమ్మాయి ఆ భవనాన్ని చూస్తూ నిలబడిపోయింది. అటూ ఇటూ ఫ్రెంచివాళ్ళ కాలపు కట్టడం, మధ్యలో మాత్రం పెట్టెలాంటి కాంక్రీటు. "దీనికి మధ్యలో ఏమైంది?" అంది. 1972 డిసెంబరులో అమెరికా బాంబులు పడింది సరిగ్గా ఆ మధ్యభాగం మీద. కూలినచోట తర్వాత కాంక్రీటుతో కట్టారు. నేనేమో "తర్వాత చూడొచ్చు, పద పద" అని దాని చెయ్యి పట్టుకు లాగాను. ఊరికి వచ్చి వ్యాసం రాసినప్పుడు ఆ స్టేషన్ గురించి ఒక్క ముక్క రాయలేదు, అది చూడాల్సిన ప్రదేశాల జాబితాలో లేదని. ఇప్పుడు ఆ వ్యాసం తిరగేస్తే సిగ్గేస్తుంది.

ఇక సంవత్సరాల సంగతి. సాహిత్య దేవాలయం పేరాలో ఐదు సంవత్సరాలు కుక్కావు: 1070, 1076, 1442, 1484, 1779. అన్నీ సరైనవే. చదివేవాడికి ఒక్కటీ గుర్తుండదు. అదే పేరాలో, పరీక్షల ముందు పిల్లలు వచ్చి రాతి తాబేళ్ళ తలలు నిమిరేవారనీ, రాయి అరిగిపోతోందని కంచె కట్టారనీ రాశావు చూడు, అది ఉంచు. సంవత్సరాల్లో ఒకటుంచి మిగతావి తీసెయ్. అన్నట్టు, మొదటి పేజీలో సరస్సు కథలో తాబేలు, మూడో పేజీలో పరీక్ష నెగ్గినవాళ్ళ పేర్లు చెక్కిన 82 శిలాఫలకాల కింద తాబేళ్ళు. ఒకే రోజు చూసిన నీకు, ఆ తాబేలు ఈ తాబేళ్ళని గుర్తుచేయలేదా? వాటిని ఒకదాని పక్కకి ఒకటి జరిపి చూడు.

నువ్వు ఫోన్‌లో నవ్వుతూ చెప్పిన సంగతి వ్యాసంలో వెతికాను, కనబడలేదు. సరస్సు పక్కన సాయంత్రం పళ్ళమ్మే ముసలావిడ దగ్గర మీవాడు ఇరవై వేల డాంగ్‌ల నోటు అనుకుని ఐదు లక్షలది ఇచ్చేశాడు. రెండూ నీలం ఛాయలే, దీపాల వెలుతురులో తేడా తెలియదు. ఆవిడ బుట్టలు వదిలి మీ వెనకే వచ్చి నోటు చేతిలో పెట్టి వెళ్ళింది. ఇదెందుకు వదిలేశావు? చిన్న విషయమనా? ఆ సరస్సు పేరు హోన్ కీమ్ అంటే తిరిగి ఇచ్చిన ఖడ్గమని నువ్వే రాశావు. చైనా మింగ్ సైన్యాల్ని తరిమేశాక లె లోయ్ రాజు దగ్గర్నుంచి తాబేలు ఖడ్గాన్ని వెనక్కి తీసుకుపోయిందన్న కథ నువ్వే చెప్పావు. ఆ గట్టు మీదే ఆవిడ నీ స్నేహితుడికి డబ్బు తిరిగిచ్చింది! అయితే ఒక్క మాట. ఈ పోలికని నువ్వు విప్పి చెప్పొద్దు. "ఆనాటి తాబేలులాగే ఈ అవ్వ కూడా" అని రాశావో, కాగితం చింపేస్తాను. కథ ముందు చెప్పు, నోటు సంగతి తర్వాత చెప్పు, ఊరుకో.

"మేము" అన్న మాట ఎన్నిసార్లు వాడావో లెక్కపెట్టుకో. మేము చూశాం, మేము మురిసిపోయాం, మేము ఆశ్చర్యపోయాం. నలుగురు మనుషులు ఒకేసారి ఆశ్చర్యపోతారా? ఒకడు ఫొటో తీసుకుంటూ ఉంటాడు, ఒకడికి చెప్పు కరుస్తూ ఉంటుంది, ఒకడు బాత్రూమ్ ఎక్కడుందా అని చూస్తుంటాడు. ఆ రోజు శనివారం అన్నావు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రిదాకా ఆ చెరువు చుట్టూ రోడ్లు మూసి నడిచేవాళ్ళకి వదిలేస్తారు, కారు దగ్గరికి రాదు. మరి తొమ్మిదింటికి లగేజీతో టాక్సీదాకా ఎంత దూరం నడిచారు? ఎవరు ఎవరి బ్యాగు మోశారు? మనుషులు తెలిసేది అక్కడ. స్నేహితుల గురించి రాసేటప్పుడు మాత్రం వాళ్ళకి ముందు చదివి వినిపించు. గురక గురించి సరదాగా రాసి నేను ఒక స్నేహితురాలితో రెండేళ్ళు మాటల్లేకుండా ఉన్నాను.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది లాంగ్ బియన్ వంతెన. సాయంత్రం దాని మీద నడిచారు. మధ్యలో రైలుపట్టా, రెండు పక్కలా స్కూటర్లు. ఆ దేశమంతా బళ్ళు కుడివైపు నడుస్తుంటే ఈ వంతెన మీద ఎడమవైపు నడుస్తాయన్నది నువ్వు పట్టుకున్నావు, సంతోషం. ఇనుప దూలాలు ఒకచోట ఎత్తుగా, ఒకచోట బోడిగా ఉన్నాయన్నావు. బోడిగా ఉన్నచోట్లు బాంబులకి పోయి మళ్ళీ అతికించినవి. ఇంతా చూసినవాడివి, రాత్రి నీ రైలు వెళ్ళింది ఏ దారినో కనుక్కోలేదా? లావో కాయ్ రైలు పాతబస్తీ ఇళ్ళ పక్కనుంచి వెళ్ళి అదే వంతెన ఎక్కి ఎర్రనది దాటుతుంది. సాయంత్రం మీరు నడిచిన పలకలు కిటికీ పక్కన చీకట్లో వెళ్ళిపోయాయి.

అప్పుడు నువ్వేం చేస్తున్నావు? దుప్పటి సర్దుకుంటున్నావా, చార్జర్ కోసం బ్యాగులో తడుముతున్నావా? అదే రాయి. నదిని చూశానని మాత్రం కల్పించి రాయకు, చూడకపోతే చూడలేదనే రాయి. చక్రాల చప్పుడు మారిందేమో, ఎవరైనా విన్నారేమో ముగ్గురినీ అడుగు. వాళ్ళూ వినకపోతే మరీ మంచిది, నలుగురూ వంతెన మీదుగా వెళ్తూ వంతెన ఫొటోలు ఒకరికొకరు చూపించుకుంటున్నారని రాయొచ్చు.

మళ్ళీ రాసి పంపు, తొందరేం లేదు. ఇంతకీ నాలుగు బెర్తుల క్యాబిన్‌లో కింది బెర్తులు ఎవరికి దక్కాయి? దాని మీద గొడవ జరగలేదంటే నేను నమ్మను.

నీ అక్క