పాత కారు ఎయిర్‌బ్యాగ్ రీకాల్

ప్రశ్న: విశాఖలో 2012 హోండా సిటీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్ (లోపమున్న కార్లను వెనక్కి పిలిచి బాగుచేయడం) దీనికి వర్తిస్తుందా? డ్యాష్‌బోర్డులో ఎస్సారెస్ (ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక) లైటు వెలగడం లేదు.

జవాబు: లైటును నమ్ముకోకండి. అది వైరింగ్, సెన్సర్ లోపాలనే పట్టిస్తుంది, ఎయిర్‌బ్యాగ్‌ను ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్‌లోని పేలుడు మందు పాడైతే దానికి తెలియదు. లోపలుండే అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు దెబ్బతిని, ప్రమాదంలో అతివేగంగా మండుతుంది. ఉక్కు డబ్బా పగిలి ముక్కలు ముఖానికి, మెడకు దూసుకొస్తాయి. సముద్రతీరపు ఉక్కపోతలో ఈ ముప్పు ఎక్కువే.

ఆర్సీలోని 17 అక్షరాల ఛాసిస్ నంబరును హోండా ఇండియా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రీకాల్ ఉత్తరం పాత యజమానికే వెళ్లి ఉండొచ్చు. రీకాల్‌లో ఉంటే అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఇన్‌ఫ్లేటర్‌ను ఉచితంగా మారుస్తారు. చేసిన పని వివరాలుండే జాబ్‌కార్డు దాచుకోండి. బయటి మెకానిక్‌తో విప్పించడం, తుక్కు కార్ల ఎయిర్‌బ్యాగ్ పెట్టించడం మాత్రం వద్దు.